కొసరు దుంప

నాకు కోపం ఎక్కువ. బాపట్లలో మా కొరియర్ కౌంటరుకు వచ్చేవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పేరు నాగభూషణరావు, ఊరు తెనాలి. పదకొండేళ్లుగా పొద్దున్నే రైలెక్కి బాపట్ల రావడం, పార్సిళ్లు తూచడం, సాయంత్రం మళ్లీ రైలెక్కి ఇంటికి పోవడం. ఆవకాయ సీసాను చొక్కాలో చుట్టి తెచ్చి "లోపల గుడ్డలేనండి" అనేవాళ్లనీ, కాటా మీద పెట్టె పెట్టి అడుగు నుంచి వేలితో కాస్త ఎత్తి పట్టుకునేవాళ్లనీ చూసి చూసి నా కోపం పెరిగిందే తప్ప తగ్గలేదు. మనిషి చెప్పే మాట కంటే కాటా చెప్పే అంకెను నమ్మడం అలవాటు చేసుకున్నాను. ఆ అలవాటుతోనే లక్ష్మీతిరుపతమ్మ విషయంలో తప్పు చేశాను. అది చెప్పుకుందామనే ఇదంతా.

తిరుపతమ్మది సూర్యలంక వెళ్లే దారిలో ఒక చిన్న పల్లె. సముద్రం మీద బతికే కుటుంబం. భర్త సింగరయ్య వేటకు పోయి తెచ్చిన చేపలను గంపకెత్తి ఆమె బాపట్ల వీధుల్లో అమ్మేది. సింగరయ్య పోయాక వేరేవాళ్ల పడవల దగ్గర కొని అమ్మింది. అంతా కలిపి ముప్ఫై ఏళ్ల పైమాటే. యాభై నాలుగేళ్లకు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నెత్తిన బరువు పెట్టావంటే నడక కూడా ఉండదని డాక్టరు ఖరాకండిగా చెప్పాడు. కొడుకు శివనాగరాజు నిజాంపట్నంలో ఒక బోటు మీద పని చేస్తాడు. వేసవిలో వేట నిషేధమని రెండు నెలలు ఖాళీ. ఆ రెండు నెలలూ ఇల్లు నడిచేది గంప మీదే. గంప దిగిపోతే ఏం చేయాలన్నదే ఆ ఇంటి సమస్య.

కలువలు ఆ ఇంటికి కొసరుగా వచ్చాయి. చేపలు అమ్మే రోజుల్లో ఒక లెక్చరర్ గారింట్లో సిమెంటు తొట్టిలో నీలం కలువ పూయడం చూసి, ఆ రోజు చేపల డబ్బులు తీసుకుంటూ, "మీకు గుప్పెడు రొయ్యలు కొసరేశాను కదమ్మా, నాకొక దుంప కొసరెయ్యండి" అని అడిగి తెచ్చుకుందట. దాన్ని హార్బరులో పారేసిన థర్మోకోల్ పెట్టెలో, చేపలకు ఐసు వేసి పంపుతారే, ఆ పెట్టెలో నల్లమట్టి వేసి నాటింది. ఏడాది తిరిగేసరికి ఒక పెట్టె తొమ్మిదయింది. మరుసటి ఏడాదికి ఇంటి చుట్టూ ఎనభై పెట్టెలు, పదకొండు రంగులు. కోడలు వెన్నెల ఫోటోలు తీసి మొక్కల గ్రూపుల్లో పెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి వాళ్లో అడిగారు. అడిగినవాళ్లకు పంపాలంటే నా కౌంటరుకు రావాలి.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె తెచ్చిన పెట్టె రెండు కిలోల నాలుగు వందలు తూగింది.

"ఏంటమ్మా ఇందులో? రాళ్లా?" అన్నాను.

"మూడు కలువ మొక్కలండి అన్నయ్యగారూ."

నాకంటే ఆరేళ్లు పెద్దది. అయినా మొదటి రోజు నుంచీ అన్నయ్యగారే. పెట్టె విప్పి చూస్తే ఒక్కో దుంప చుట్టూ చంటిపిల్ల తలంత మట్టిముద్ద.

"పుట్టిన మట్టి లేకుండా ఎట్టా పంపుతామండి? కొత్తచోట బెంగ పెట్టుకోదూ?" అంది.

నేను గట్టిగానే అరిచాను. ఆ మొక్కల బెంగకు నాలుగు వందల యాభై రూపాయలు అవుతుందనీ, మొక్కల ఖరీదే అంత లేదనీ చెప్పాను. తోడు వచ్చిన వెన్నెల తల దించుకుంది. ఆమె మాత్రం నా అరుపును ఓపిగ్గా విని, వీధిలో బేరమాడే ఆడవాళ్లను ముప్ఫై ఏళ్లు విన్న మనిషి కదా, "అయితే కడిగి తెస్తామండి" అని పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు దుంపలను తెల్లగా కడిగి, తడి న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చింది. చెప్పింది వినే మనిషి అనిపించింది. నా అంచనా సగమే నిజం.

ఇక్కడ మా లెక్క కొంచెం చెప్పాలి. అరకిలో వరకు ఒక ధర, తొంభై రూపాయలు. అరకిలో మీద ఒక్క గ్రాము పెరిగినా నూట అరవై. మధ్యలో ఏమీ లేదు. ఐదు వందల ఒకటి తూగినా కిలో కింద లెక్కే. డెలివరీ ఖర్చు వేరే అని చెబితే కొనేవాళ్లు అక్కడే ఆగిపోతున్నారని వెన్నెల అన్నీ కలిపి ఒకటే ధర పెట్టింది: మూడు కలువలు, ఇంటికి చేరేసరికి మూడు వందల యాభై. కాబట్టి ఆ డెబ్భై రూపాయల తేడా వాళ్ల చేతి నుంచే పోవాలి. పెట్టెలకూ, టేపుకూ, ఆటోకూ పోగా మిగిలేదే అంతంతమాత్రం.

కడిగిన మూడు దుంపలు, తడి పేపరు, అట్టపెట్టె, టేపు అన్నీ కలిపి నాలుగు వందల డెబ్భై అయిదు. చక్కగా సరిపోయింది. కానీ ఆమె తెచ్చే పెట్టెలన్నీ ఐదు వందల పది, ఐదు వందల ఇరవై తూగేవి. ఎందుకంటే లోపల నాలుగో దుంప ఉండేది. నలభై గ్రాముల కొసరు.

"వాళ్లు అడిగారా?"

"అడగరండి."

"మరి?"

"మూడంటే మూడే ఎట్టా ఇస్తామండి? చెయ్యి రాదు."

ఈ మాట మీద మా ఇద్దరికీ ఎన్నిసార్లు వాదన జరిగిందో లెక్కలేదు. ఆ నలభై గ్రాములకు నువ్వు డెబ్భై రూపాయలు కడుతున్నావని కాగితం మీద రాసి చూపించాను. ఆమె కాగితాన్ని మర్యాదగా తీసుకుని మడిచి బొడ్డులో దోపుకుంది. మర్నాడు మళ్లీ నాలుగే. వెన్నెల కూడా చెప్పి చెప్పి విసిగిపోయింది. ఆ శ్రావణమాసంలో ఒకరోజు నా ముందే అత్తగారితో తేల్చి చెప్పింది:

"దీపావళి దాకా చూద్దాం అత్తా. అప్పటికీ డెలివరీకే అంతా పోతుంటే ఆపేద్దాం. ఎనభై పెట్టెలు పెట్టుకుని నష్టానికి నీళ్లు పోయలేం."

"సరేలే. గంప అటక మీదే ఉంది," అంది తిరుపతమ్మ.

మామూలుగానే అంది. కానీ అంటున్నప్పుడు ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. ఆ గంప మళ్లీ కిందికి దిగితే ఆ కాళ్లు ఎన్నాళ్లుంటాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. ఆ రోజు రైల్లో తెనాలి వెళుతున్నంతసేపూ నాకు అదే ఆలోచన. నా భార్య శేషమ్మ అడిగితే, "కౌంటరుకు ఒక మొండి మనిషి వస్తోందిలే" అన్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. రోజూ వచ్చేవాళ్లు పెట్టెలను అతికించకుండా తెస్తారు. లోపల ఏముందో నేను చూసుకుని, తూచి, టేపు వేస్తాను. తిరుపతమ్మ పెట్టెలు పెట్టి, ఆటో పోతుందని వెంటనే వెళ్లిపోయేది. డబ్బులు వెన్నెల ఇంటి నుంచి ఫోనులో వేసేది. అంటే తూకం చూసేది నేనొక్కణ్ణే. ఒకరోజు పెట్టె తూచాను, ఐదు వందల పదిహేను. చెయ్యి లోపల పెట్టాను, అన్నిట్లోకీ చిన్న దుంప తీసి పక్కన పెట్టాను, నాలుగు వందల డెబ్భై అయిదు. టేపు వేసేశాను. ఆ రోజు నాలుగు పెట్టెలు. మూడు వారాల్లో పందొమ్మిది.

దొంగతనం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. పైగా గర్వంగా ఉండేది. తీసిన దుంపలను పారేయబుద్ధి కాక ఆఫీసు వెనక బోరు దగ్గర ఒక ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి అందులో వేస్తూ వచ్చాను. దీపావళి దాటి, వ్యాపారం నిలదొక్కుకున్నాక, బకెట్ ఆమె ముందు పెట్టి, "చూశావా, ఇవే నిన్ను ముంచింది" అని నవ్వుదామని నా ఆలోచన. బిల్లు తగ్గిందని వెన్నెల ఫోనులో సంబరపడింది. "అత్త మారింది బాబాయ్‌గారూ, నోటితో ఒప్పుకోదు గానీ కొసరు మానేసినట్టుంది," అంది. నేను "మంచిదమ్మా" అన్నాను.

భాద్రపదంలో ఎండ విపరీతంగా కాసింది. తిరుపతమ్మ ఒక సోమవారం ఉత్త చేతులతో వచ్చింది. కౌంటరు ముందు బల్ల మీద కూర్చుని మోకాళ్లు సర్దుకుంది.

"అన్నయ్యగారూ, దారిలో ఎవరన్నా పెట్టెలు విప్పుతున్నారేమో కొంచెం కనుక్కుంటారా?"

"ఏం, ఏమైంది?"

రేపల్లెలో ఝాన్సీ అనే టీచరుగారు మొదటి నుంచీ కొంటున్నారట. ఈసారి ఆవిడకు వెళ్లిన మూడింట్లో ఒకటి కుళ్లిపోయింది. మా పార్సిలు బాపట్ల నుంచి రేపల్లెకు నేరుగా పోదు. విజయవాడ వెళ్లి, అక్కడ ఊళ్లవారీగా విడదీశాక మళ్లీ ఇటు వస్తుంది. మధ్యలో ఆదివారం పడితే నాలుగు రోజులు. ఆ వేడికి ఒక దుంప పోవడంలో ఆశ్చర్యం లేదు. ఆవిడ కోపంగా ఏమీ రాయలేదట. "ఇదివరకు మూడు అడిగితే నాలుగు బతికేవి, ఈసారి రెండే బతికాయి" అని మొక్కల గ్రూపులో రాశారు. నాలుగు వేలమంది ఉన్న గ్రూపు. దాని కింద ఇంకో అయిదుగురు, మాకూ అంతేనని రాశారు. వారానికి ఆరేడు వచ్చే ఆర్డర్లు రెండుకు పడిపోయాయి.

"నేను నాలుగే పెట్టానండి. నా చేత్తో చుట్టి పెట్టాను. మధ్యలో ఎవరో తీస్తన్నారు. మీరు పెద్దోళ్లతో ఒకమాట చెబితే..."

నన్ను అనుమానించడం ఆమెకు తట్టనే లేదు. దారిలో ఉన్న ముక్కూమొహం తెలియనివాళ్లందరినీ అనుమానించింది గానీ, తన కళ్ల ముందు కూర్చున్నవాణ్ణి మాత్రం కాదు. నలభై ఎనిమిదేళ్లలో అంత సిగ్గుపడ్డ రోజు నాకు గుర్తులేదు.

"ఒకసారి వెనక్కి రా తిరుపతమ్మా," అన్నాను.

బోరు దగ్గరికి తీసుకెళ్లి బకెట్ చూపించాను. దుంపలన్నీ చిగుర్లు వేశాయి. అరచేతిలో పట్టేంత ఆకులు నీళ్ల మీద ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఏం చేశానో, ఎందుకు చేశానో చెప్పాను. మొదలుపెట్టినప్పుడు గొంతు పెద్దదిగానే ఉంది, చివరికి నాకే వినపడలేదు.

ఆమె వంగలేక, పక్కనున్న రాయి మీద కూర్చుని, బకెట్లో చెయ్యి పెట్టి ఒక్కొక్క దుంపా తిప్పి చూసింది.

"బతికే ఉండయ్. నీళ్లలో ఏసి మంచిపని చేశారు," అంది చివరికి.

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"కొసరంటే ఏంటనుకున్నారు అన్నయ్యగారూ? మా గొప్పకి ఇచ్చేదనా? గంపలో చేపలన్నీ ఒక్కతీరుగా ఉంటాయా? ఎండకి ఒకటి మెత్తబడుద్ది, ఒకటి నలుగుద్ది. ఇంటికి పోయి కోసుకున్నాక చూసుకుంటారు. అప్పుడు నేను వాళ్ల ముందుండను గదా. అందుకని ముందే ఒకటి ఎక్కువేస్తాం. పోతే అది పోయిందనుకుంటారు. డబ్బిచ్చిన చేప పోయిందనుకోరు. మా అమ్మ అట్టా నేర్పింది. ఈ దుంపలూ అంతే. నాలుగు రోజులు చీకట్లో పోతయ్. ఒకటి పోద్దని నాకు తెలుసు."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలా. కాటా చూపిచ్చి కాగితం రాసిచ్చారు."

చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆమే మళ్లీ అంది. "నా మంచికే చేశారు. కాదనను. కానీ నేను పెట్టింది తీసి, టేపు ఏశారు." అని లేచింది.

"తప్పయింది అక్కా," అన్నాను. అక్కా అని ఆమెను పిలవడం అదే మొదటిసారి.

మర్నాడు మధ్యాహ్నం, కౌంటరు దగ్గర జనం లేని వేళ, నేనే ఫోను చేసి రమ్మన్నాను. కొసరు మానడం కుదరదని తేలిపోయింది కాబట్టి, బరువు ఇంకెక్కడ ఉందో చూద్దామన్నాను. అప్పటిదాకా పెట్టె మొత్తాన్ని తూచడమే గానీ, లోపలివి విడివిడిగా తూచాలన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. అట్టపెట్టె నూట నలభై. టేపు, కవరు ఇరవై. దుంపలు రెండు వందల పది, కొసరు నలభై. తడి పేపరు నూట అయిదు.

"అంతా నీళ్ల బరువే అన్నయ్యగారూ," అంది ఆమె, కాటా వైపు చూస్తూ.

పేపరు తక్కువ చేస్తే ఆరిపోతుంది. పిండితే చిరిగిపోతుంది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పేరాల నేతగాళ్ల నుంచి మాకు చీరల మూటలు వస్తుంటాయి, వాటిని విప్పి, మళ్లీ బుక్ చేసి పై ఊళ్లకు పంపాలి. వాటి అంచులు నలగకుండా మగ్గాల దగ్గర మిగిలిన నూలు తుక్కు కుక్కి పంపుతారు. నేను రోజూ చిమ్మి పారేసే చెత్త అది. తిరుపతమ్మ కాలి దగ్గర ఒక ఉండ పడి ఉంటే తీసి వేళ్లతో నలిపింది. "ఇది నూలేగా?" అని, బోరు దగ్గరికి పోయి తడిపి, గట్టిగా పిండి తెచ్చింది. చేపలు అమ్మే రోజుల్లో ఐసు కొనే స్తోమత లేక, పిండిన తడిగుడ్డ కప్పి మధ్యాహ్నం దాకా కాపాడేదట. మరీ తడి ఉంటే కుళ్లుతుంది, ఆరితే ఎండుతుంది. ఆ మధ్యరకం తడి ఆమె చేతికి తెలుసు. నాలుగు దుంపలనూ ఆ నూలులో చుట్టి పెట్టెలో పెట్టింది. నేను కాటా మీద పెట్టాను.

నాలుగు వందల ఎనభై. కొసరుతో కలిపి.

ఇద్దరిలో ఎవరం నవ్వలేదు గానీ, నేను ఆమెకు టీ తెప్పించాను. పదకొండేళ్లలో నా కౌంటరులో ఎవరికీ టీ తెప్పించిన పాపాన పోలేదు.

ఆ ఆదివారం తెనాలిలో రేపల్లె రైలెక్కాను. చేతిలో స్టీలు క్యారియరు, అందులో మూడు దుంపలు. ఝాన్సీ టీచరుగారి మేడ మీద తొట్లలో తిరుపతమ్మ కలువలు ఆరు రంగులు పూస్తున్నాయి. నేను చేసిన పని చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను కాసేపు చూశారు.

"ఇంకొకరెవరైనా అయితే పార్సిల్లో పంపేవారండి," అన్నారు.

"మాది విజయవాడ తిరిగొస్తుందండి. నేనైతే నేరుగా వస్తాను," అన్నాను.

ఆవిడ నవ్వారు. ఆ రోజే గ్రూపులో రాశారు, కొసరు తీసింది మొక్కలావిడ కాదు, కౌంటరులో కూర్చునే మనిషి అని, ఆయనే రైలెక్కి వచ్చి ఇచ్చి వెళ్లాడని. నా పేరు రాయవద్దని నేను అడగలేదు. నాలుగు వేలమంది చదివారు. మిగిలిన పద్దెనిమిది మందికీ కొత్త దుంపలు నా జీతంలోంచే పంపాను. శేషమ్మ మాత్రం వారం రోజులు నన్ను కొసరుగారూ అని పిలిచింది.

కానీ చెడిన మాట ఒక్కరోజులో బాగుపడదు. ఆశ్వయుజం అంతా ఆర్డర్లు రెండు, మూడు, మళ్లీ రెండు. దీపావళికి ముందు వారం ఆమె అసలు రాలేదు. నేను ఫోను చేయలేదు. చేస్తే ఏం వినాల్సి వస్తుందోనని భయం. పండుగ సెలవు కూడా తెనాలిలో ముళ్ల మీద కూర్చున్నట్టే గడిచింది.

సెలవయిన మర్నాడు షట్టరు తీసి కూర్చున్నాను. పదిన్నరకు ఆటో ఆగింది. జనం మధ్యలోంచి ముందు నాకు కనపడింది గంప. వెదురు గంప, ముప్ఫై ఏళ్ల చేపల జిడ్డుకు అంచులు నల్లబడిన గంప. కుర్చీలోంచి లేచి, కౌంటరు అవతలికి వచ్చేసి, వీధిలోకే అరిచాను.

"ఆ కాళ్లతో మళ్లీ గంప ఏంటక్కా! నీకు బుద్ధుందా?"

జనం పక్కకు జరిగారు. గంప ఆమె నెత్తి మీద లేదు. ఒక అంచు తిరుపతమ్మ చేతిలో, రెండో అంచు వెన్నెల చేతిలో. మధ్యలో నిండుగా అట్టపెట్టెలు.

"సంచుల్లో పట్టలా బాబాయ్‌గారూ," అంది వెన్నెల ఆయాసపడుతూ. "పదిహేడు. పండక్కి ముందు పంపిన వాటిల్లో ఒక్కటీ పోలేదంట. టీచరుగారు ఫోటోలు పెట్టారు. అటక మీంచి గంప దించాం."

కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కాటా తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను. మొదటి పెట్టె పెట్టాను. నాలుగు వందల ఎనభై. అలవాటుగా టేపు అందుకుని అంచు లాగాను. అప్పుడు తల ఎత్తి చూశాను.

"అక్కా, ఇంకా ఇరవై గ్రాములు ఖాళీ ఉంది."

తిరుపతమ్మ నా వంక చూసింది. గంప అడుగున చెయ్యి పెట్టి, నూలు తుక్కు కింద నుంచి బొటనవేలంత దుంప ఒకటి బయటికి తీసింది. అది ముందే తెచ్చి ఉంచుకుందంటే, ఈ మాట నేను అంటానని ఆమెకు తెలుసన్నమాట. దాన్ని తీరిగ్గా చుట్టి, పెట్టెలో ఎక్కడ సర్దాలా అని వెతుక్కుంది. ఆమె పెట్టడం అయ్యేదాకా నేను టేపు పట్టుకుని ఆగాను.